నక్షత్రాల తెర

మా బడిలో క్రిస్మస్ నాటకానికి కట్టే తెర ఒకటి ఉండేది. నీలిమందులో ముంచిన ముతక గుడ్డ. దాని మీద తెల్లగుడ్డ ముక్కలు కత్తిరించి నక్షత్రాలు కుట్టింది నా భార్య రాహేలు. డిసెంబరులో తప్ప మిగతా కాలమంతా అది వేపాకు వేసిన పెట్టెలో మడిచి ఉండేది. పందొమ్మిది వందల ముప్పై ఏడులో మాత్రం దాన్ని ఎండాకాలంలో బయటికి తీశాం.

మాది కమలాపురం దాటి, పాపాఘ్ని ఏటి ఇసుకలో బండి దిగి ఎక్కితే వచ్చే చిన్న పల్లె. ఊరికి ఒక పక్కగా మా క్రైస్తవుల ఇళ్ళు, చర్చి, చర్చికి ఆనుకుని బడి. బడికి నేనొక్కడినే ఉపాధ్యాయుడిని, ఊరి మాటలో అయివారిని. ఆ ముందటి ఏడు తొలకరి ముంగారు వానలు రాలేదు, చలికాలం ముందటి ఇంగారు వానలూ రాలేదు. జొన్నచేలు మోకాలెత్తు లేవకముందే ఎండిపోయాయి. ఆ ఎండిన చేల మీద గద్దలు తిరుగుతూ ఉండేవి. వాటికి అక్కడ ఏం దొరుకుతుందో మాకు తెలిసేది కాదు. సర్కారు వాళ్ళు చావడి దగ్గర గంజి పోయడం మొదలుపెట్టిన వారంలోనే డాక్టరు రత్నమణి గారు ఎద్దులబండిలో మా బడి ముందు దిగారు. ఆమె వెనక ఇద్దరు యువకులు దిగారు.

రత్నమణి గారు పట్నంలోని మిషన్ ఆసుపత్రిలో ఆడవాళ్ళ డాక్టరు. నంద్యాల వైపు మనిషి. మాటలో తొందర ఉండదు, నడకలో ఉంటుంది.

"సుందరం గారూ, సెలవుల్లో మీ బడి నాకు కావాలి," అన్నారు. "వీళ్ళిద్దరూ డాక్టర్లు. ఇతను మహానంది, ఆత్మకూరు వైపు. ఇతను ఖాదర్, కర్నూలు. పల్లెల్లో కొత్తగా పెట్టే వైద్యశాలలకు వీళ్ళను పంపబోతున్నారు. జ్వరానికి మందిస్తారు, ఎముక విరిగితే కడతారు. కడుపుతో ఉన్న మనిషిని మాత్రం పుస్తకంలో తప్ప చూడలేదు."

"ఆసుపత్రిలో నేర్పవచ్చు కదమ్మా," అన్నాను.

"అక్కడ ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళు రాకూడదు. వచ్చినా, మంచమూ దీపమూ నర్సూ అన్నీ ఉన్న చోట నేర్చుకుంటే అక్కడికే పనికొస్తారు. వీళ్ళు ఉండబోయేది ఇట్లాంటి ఊళ్ళలో."

బడి ఇచ్చాను. పలకలు, బల్లలు ఒక మూలకు చేర్చాను. ఊళ్ళో మాట పాకింది. గజ్జితో వచ్చారు, కళ్ళకలకతో వచ్చారు, పంటినొప్పితో ముసలివాళ్ళు వచ్చారు. కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రం బడి ఉన్న వీధిలో నడవడమే మానేశారు. చేదబావికి కూడా పెరటి దారిన పోయి వచ్చేవాళ్ళు. మహానంది గడపలో కూర్చుని నాతో అన్నాడు, "మేం పులులమనుకుంటాండారేమో అయివారూ. పులిని చూసినా ఇంత దూరం పోరు."

అప్పుడు రాహేలుకు ఐదో నెల. అంతకు ముందు ఇద్దరు బిడ్డలు పుట్టీ పుట్టగానే పోయారు. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆమె మా అమ్మ ఓబులమ్మతో నెమ్మదిగా అన్నది.

"నేను పోయి పండుకుంటా అత్తా. నా మింద నేర్చుకోనీ."

"మగోళ్ళ చేతుల కిందనా?"

"పోయిన ఇద్దరూ మంత్రసాని చేతుల కిందనే గదా పోయిరి. వీళ్ళు వారం వారం చూస్తారంట. నాకూ మేలే గదా."

మా అమ్మ గిన్నెలు సర్దుకుని లేచింది. ఆ ఇద్దరు బిడ్డలు మంత్రసాని చేతిలో పోయారని ఆమె ఎన్నడూ నమ్మలేదు. ఎవరో ఏదో చేశారని ఆమె నమ్మకం. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆదివారం చర్చిలో మొదటి వరసలో కూర్చునేది. అయినా తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలు, కోసుకున్న గోళ్ళు ఏరి పొయ్యిలో వేసేది. రాహేలువి కూడా ఆమే ఏరి వేసేది. ఒంటి నుంచి పోయినది ఏదైనా పరాయి చేతిలో పడితే దానితో మంత్రం వేసి మనిషిని కట్టవచ్చునని చిన్నప్పుడు విన్న మాట బాప్తిస్మపు నీళ్ళలో కరిగిపోలేదు.

మరునాడు సంఘ పెద్ద ఏసేపు వచ్చాడు. విషయం ఆయన చెవిన పడింది.

"మంచి పనే, కాదనను," అన్నాడు రత్నమణి గారితో. "కానీ అయివారమ్మ మొగం మగోళ్ళకు కనపడగూడదు. చేతులు కనపడగూడదు. కడుపు చూస్కోనీ, అది సదువు."

"మనిషిని ముక్కలు చేసి నేర్పలేను ఏసేపన్నా."

"అట్లయితే నేర్పొద్దులేమ్మా."

ఒక్క మనిషి దొరికింది, ఆ ఒక్కరినీ పోగొట్టుకోవడం రత్నమణి గారికి ఇష్టం లేకపోయింది. "సరే," అన్నారు. "తెర కట్టండి. నేను ఇటూ అటూ తిరుగుతూ ఉంటాను కదా."

అట్లా ఆ తెర పెట్టెలోంచి బయటికి వచ్చింది. బడిలో దూలానికి తాడు కట్టి, మంచానికి అడ్డంగా దాన్ని వేలాడదీశాం. రాహేలు తల, చేతులు తెరకు అవతల. అక్కడ ఆమె పక్కన మా అమ్మ. ఇవతల కడుపు, కాళ్ళ మీద దుప్పటి, ఇద్దరు డాక్టర్లు. నల్లబల్ల దగ్గర నేను. డాక్టరమ్మ చెప్పిన బొమ్మ గీయడం నా పని.

మొదటి రోజు ముందుగా వచ్చింది ఖాదర్. అతను కళ్ళు మూసుకుని బిస్మిల్లా అనుకుని చెయ్యి పెట్టాడు.

"వేళ్ళతో పొడవొద్దు," అన్నారు రత్నమణి గారు. "అరచేత్తో అడగండి. లోపలివాడు జవాబు చెప్పేదాకా ఆగండి. తల ఎక్కడుంది?"

"ఇక్కడ గట్టిగా ఉందమ్మా. ఇదే తల."

తెర వెనక నుంచి రాహేలు గొంతు వినిపించింది. "అది తల గాదు డాక్టరప్పా. నేను పొద్దున తిన్న సంగటి."

మహానంది నవ్వాపుకోలేక గడప దగ్గరికి వెళ్ళిపోయాడు. రత్నమణి గారు కూడా నవ్వారు. ఆ తర్వాత ఖాదర్ కళ్ళు మూసుకోలేదు.

వెదురు గొట్టం పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినడం నేర్పారు. బిడ్డ అడ్డం తిరిగితే ఎట్లా తెలుస్తుందో గోనెసంచిలో గుడ్డబొమ్మను పెట్టి చూపించారు. నీళ్ళు కాచడం, గోళ్ళు తీయడం, మోచేతుల దాకా సబ్బుతో కడగడం మళ్ళీ మళ్ళీ చేయించారు. చివరికి ఒక సీసా తీశారు.

"అన్నిటికంటే ఇది ముఖ్యం," అన్నారు. "కడుపు బాగానే ఉంటుంది, బిడ్డ బాగానే తన్నుతూ ఉంటాడు, మనిషి లోపల విషం చేరుతూ ఉంటుంది. తల్లికీ తెలియదు. వారం వారం ఆమె మూత్రం పట్టించి, గాజు గొట్టంలో పోసి, దీపం మీద మరగబెట్టండి. రెండు చుక్కలు యాసిడ్ వేయండి. తేటగా ఉంటే దేవుడికి దండం పెట్టుకోండి. కోడిగుడ్డు సొనలా తెల్లబడితే నా కోసం ఆగొద్దు. బండి కట్టి ఆసుపత్రికి తీసుకురండి."

ఆ రోజు డాక్టరమ్మే తెర వెనక్కి వెళ్ళి సీసాలో పట్టించి తెచ్చారు. మరగబెట్టారు. తేటగా ఉంది. మా అమ్మ తెర పక్క నుంచి తల ఒక్కటే బయటికి పెట్టి ఆ గాజు గొట్టం వంక చూస్తోంది. దీపం మీద కోడలి ఒంటి నీళ్ళు పొంగుతున్నాయి. ఇద్దరు పరాయి మగవాళ్ళు వంగి చూస్తున్నారు. అప్పుడు ఆమె ముఖాన్ని చూసి, అసహ్యపడుతోంది కాబోలు అనుకున్నాను.

"మిగిలినది ఏం జేస్తారు?" అని అడిగింది.

"పారేస్తాం పెద్దమ్మా," అన్నాడు మహానంది.

"యాడ?"

"యాడో ఒకచోట. బయట."

మా అమ్మ తల తెర వెనక్కి పోయింది.

కొన్ని రోజులకే ఆత్మకూరు వైపు కలరా పుట్టిందని కబురొచ్చింది. రత్నమణి గారు బయలుదేరారు. వారంలో వస్తానన్నారు. "కడుపు, సీసా," అని బండిలోంచి చెయ్యెత్తి మరోసారి చెప్పారు. "ఏది మరిచినా సీసా మరవొద్దు."

వాళ్ళు మరవలేదు. ఇది చెప్పడం న్యాయం. ప్రతి వారం రాహేలు వచ్చి తెర వెనక పడుకునేది. ఇద్దరూ చేతులు కడుక్కుని కడుపు చూసేవాళ్ళు. మా అమ్మ కొంగు కింద సీసా తెచ్చి ఇచ్చేది. మహానంది దీపం వెలిగించేవాడు. ప్రతి వారం తేటగానే ఉండేది.

"ఈ జిల్లాలో ఇంత ఆరోగ్యంగా ఉన్న మనిషి లేదు అయివారూ," అనేవాడు.

ఎండలు ముదిరాయి. చేదబావిలో తాడుకు ఇంకో తాడు కట్టవలసి వచ్చింది. పశువులను అడవి వైపు తోలుకుపోయారు. పిల్లల పక్కటెముకలు లెక్కపెట్టేలా అయ్యాయి. మగవాళ్ళ దవడలు లోపలికి పోయాయి. ఆడవాళ్ళ గాజులు మోచేతి దాకా జారేవి. అట్లాంటి ఊళ్ళో రాహేలు ఒక్కతే ఒళ్ళు చేసింది.

దానికి కారణం అందరికీ తెలుసు. చదువు కోసం పడుకుంటున్నది కాబట్టి మిషన్ వాళ్ళు ఆమెకు పాలు, గుడ్లు, రాగులు పంపేవాళ్ళు. గంజి దగ్గర గిన్నెలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్ళు ఆ గంప పోతుంటే చూసేవాళ్ళు. మా పక్క వీధి నాగక్క గట్టిగానే అనేది. రాహేలు అంటే ఆమెకు ప్రాణం. అయినా ఆకలి నోరు ఊరుకోదు.

"మనకు గంజి, అయివారమ్మకు గుడ్లు. కడుపు తెరిచి సూపిస్తే మనకూ పెడ్తారేమో అడుగుదాం రాండే."

"నీ కడుపులో ఏముండాది సూపిచ్చను, చింతగింజలు దప్ప," అనేది ఇంకొకతె.

"ఉండేది సూపిస్తా. సదువు వాళ్ళది, గుడ్డు నాది."

నవ్వేవాళ్ళు. రాహేలు కూడా విని నవ్వేది. గుడ్లలో సగం నాగక్క పిల్లలకే పోయేవని మా అమ్మ సణిగేది. ఆ చెంపలు నిండుతూ ఉంటే, కరువులో ఇంట్లో ఒక దీపం ఎక్కువ వెలుగుతున్నట్టు ఉండేది నాకు. ఆ డాక్టర్లిద్దరూ మాత్రం ఆమె ముఖాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. బడిలోనే ఉండి, మా ఇంటి నుంచి మా అమ్మ మోసుకెళ్ళిన సంగటే తింటూ, రెండు నెలలు ఆమె గొంతు వింటూ గడిపారు. ఆమె బిడ్డ ఎటు తిరిగి పడుకుంటాడో వాళ్ళకు తెలుసు. ఆమె ఎట్లా ఉంటుందో తెలియదు.

ఏడో నెలలో గాజులు తొడగడం మా వాళ్ళలోనూ ఉంది. పాస్టరు గారు చూసీ చూడనట్టు ఉంటారు. మలారం మోసుకుని గాజులామె వచ్చింది. కరువు గనక ఎర్రగాజులు ఒక్క వరసే బేరమాడారు. రాహేలు చెయ్యి చాపింది. పాత కొలత గాజు బొటనవేలి దగ్గరే ఆగిపోయింది.

"పెద్ద కొలత తియ్యమ్మా," అంది మా అమ్మ.

పెద్ద కొలత కూడా ఆగింది. గాజులామె ఆముదం రాసి తోస్తే ఒకటి ఎక్కి, రెండోది పగిలింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగిలిన ముక్కల వైపు చూశారు. గాజు పగలడం మంచిది కాదన్నది మతం మారినా మరిచిపోని సంగతి. ముందుగా తేరుకున్నది నాగక్క.

"కోడిగుడ్ల చెయ్యి గదా, ఊరికే ఎక్కుతుందా. బండిచక్రం పట్టీలు కొట్టించండి అయివారమ్మకు."

అందరూ ఊపిరి తీసుకుని నవ్వారు. రాహేలు ఎక్కిన ఒక్క గాజునూ తిప్పబోయింది. అది తిరగలేదు. చర్మంలోకి దిగి కూర్చుంది.

ఆ వారం బడిలో తెర వెనక పడుకుని ఆమె ఏదో మాట్లాడుతూ మధ్యలో ఆగింది.

"డాక్టరప్పా, ఈ తెర ఎవరన్నా కదిలిస్తాండారా?"

"లేదమ్మా. గాలి కూడా లేదు," అన్నాడు ఖాదర్.

"నక్షత్రాలు కదుల్తాండాయి. ఒకటి రెండయితాంది."

"నువ్వే కుడితివి గదమ్మా, ఒక్కోచోట రెండు కుట్టుంటావు," అన్నాడు మహానంది. నవ్వుతూనే గాజు గొట్టం ఎత్తి వెలుతురులో చూశాడు. మరిగిన నీళ్ళు తేటగా ఉన్నాయి. అయినా అతను వెంటనే దాన్ని దించలేదు. "తల నొస్తాందా అమ్మా?" అని అడిగాడు.

"ఎండకు ఎవరికి నొయ్యదు నాయనా," అంది మా అమ్మ.

అతను ఖాదర్ వైపు చూశాడు. ఖాదర్ గొట్టం వైపు చూశాడు. సీసా అబద్ధమాడదని వాళ్ళు నేర్చుకున్నారు. దీపం ఆర్పారు.

తర్వాతి రోజుల్లో ఆమె ఎక్కువగా కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకునేది. వెలుతురు గుచ్చుకుంటోందని తలుపు మూయించేది. గద్దలు చేల మీద నుంచి ఇళ్ళ మీదికి వచ్చాయి. కుండల మీద మూతలు పెట్టుకోవలసి వచ్చేది.

వారంలో వస్తానన్న రత్నమణి గారు కలరా తగ్గేదాకా రాలేకపోయారు, చివరికి ఒక మధ్యాహ్నం పూట వచ్చారు. కలరా ఊళ్ళ నుంచి వస్తున్న మనిషి, చిక్కి సగమై ఉన్నారు. బండి దిగి కాళ్ళు కడుక్కోకుండానే, "ఎట్లా ఉంది మన అమ్మాయి?" అన్నారు.

"పాఠం లాగా ఉండాది మేడమ్," అన్నాడు మహానంది. "ఈ రోజే చూస్తున్నాం. రండి."

రాహేలు తెర వెనకే ఉంది. రత్నమణి గారు తెర అంచు పట్టుకుని పక్కకు తీశారు. తీసిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

నేను నల్లబల్ల దగ్గర ఉన్నాను. అక్కడి నుంచి నాకు కనిపించింది డాక్టరమ్మ ముఖం. మంచం పక్కన కూర్చుని రాహేలు చెయ్యి తీసుకున్నారు. ముంజేతి మీద బొటనవేలితో నొక్కి తీశారు. పడిన గుంట తడిమట్టిలో పడిన గుంటలా అట్లాగే నిలిచింది. చర్మంలో దిగిన ఎర్రగాజును చూశారు. కళ్ళ కింద ఉబ్బును చూశారు.

"మహానందీ, ఇటు రా. ఖాదర్, నువ్వూ రా."

వాళ్ళిద్దరూ తెర దాటి అవతలికి వెళ్ళారు. రెండు నెలలకు మొదటిసారి ఆమె ముఖం చూశారు. ఎవరూ వాళ్ళకు ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది. మహానంది ముఖం బూడిద రంగుకు తిరిగింది.

"సీసా ప్రతి వారం చూసినాం మేడమ్. దేవుని తోడు. పోయిన వారం కూడా తేట. ఈ పొద్దు కూడా."

"ఇంకోసారి చూద్దాం," అన్నారు ఆమె. రాహేలును తానే లేపి పెరట్లోకి తీసుకెళ్ళారు. తానే సీసాతో వచ్చారు. దీపం వెలిగించింది ఖాదర్. గాజు గొట్టంలో నీళ్ళు వేడెక్కాయి, పైనుంచి ఒక మబ్బు దిగింది, చూస్తుండగానే మొత్తం గడ్డకట్టి తెల్లబడింది.

ఖాదర్ దీపం ఆర్పాడు.

"అది నాది," అంది మా అమ్మ.

"ఏది పెద్దమ్మా?" అన్నారు రత్నమణి గారు.

"ఇన్నాళ్ళు ఇచ్చిన సీసా. నువ్వు పోయినంక ఇచ్చినవన్నీ నావే. దానివి వేపచెట్టు మొదట్లో పోసి మన్ను కప్పినా." ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. "బయట పారేస్తామంటిరి. ఇద్దరిని పోగొట్టుకున్న కడుపు. పరాయి చేతిలో ఎట్లిడుస్తా."

రత్నమణి గారు తల వంచుకున్నారు. రాహేలు అత్త వైపు తిరిగింది. ఉబ్బిన కళ్ళు సరిగా తెరుచుకోవడం లేదు.

"పోనీలే అత్తా," అంది.

నేను బండి కట్టాను. పరుపు వేసి రాహేలును పడుకోబెట్టాం. రత్నమణి గారు ఎక్కారు, మందుల పెట్టెతో మహానంది ఎక్కాడు, ఖాదర్ బడి దగ్గరే ఆగాడు. ఇంకొక మనిషికి చోటుంది. మా అమ్మ బడి గోడ పక్కన నిలబడి ఉంది. ఎవరూ ఆమెను పిలవలేదు. ఆమె కూడా అడుగు ముందుకు వేయలేదు. బండి మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది.

పాపాఘ్నిలో నీళ్ళు లేవు. ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. ఎద్దులు కరువుకు చిక్కిన ఎద్దులు, రెండు అడుగులు లాగి నిలబడిపోయేవి. నేనూ మహానందీ దిగి చక్రాలు తోశాం. ఇసుక మీద నుంచి లేచే వేడికి అవతలి గట్టు కనిపించీ కనిపించకుండా ఊగుతోంది. నేను తలవైపుకు వచ్చినప్పుడు రాహేలు నన్ను పిలిచింది.

"అయివారూ, ఆ మహానంది డాక్టరు శానా చిన్నపిల్లోడు. గొంతు విని పెద్దాయన అనుకొంటి."

అదే ఆమె నాతో అన్న చివరి మాట. నది మధ్యలో ఉండగా మొదటి మూర్ఛ వచ్చింది. గట్టు ఎక్కాక రెండోది వచ్చింది. ఆసుపత్రి చేరేసరికి దీపాలు పెడుతున్నారు. చేయగలిగినవన్నీ చేశారు. నేను వరండాలో ఉన్నాను. మహానంది తలుపు దగ్గర నిలబడి లోపలికి, నా వైపుకు మార్చి మార్చి చూశాడు. తెల్లవారాక రత్నమణి గారు వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. ఆమె కింద కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. తల్లీ లేదు, బిడ్డా లేదని ఆమె నోటితో చెప్పనవసరం లేకపోయింది. ఆడపిల్ల అని మాత్రం చెప్పారు.

ఆ తర్వాత వానలు పడ్డాయి. ఎప్పుడూ పడనంత పడ్డాయి. జొన్నలు మనిషెత్తు లేచాయి. మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఉప్పు, నీళ్ళు, తలుపు. మా అమ్మకూ నాకూ మధ్య అంతవరకే. ఆమెను నేను ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు బరువుగా ఉండేదేమో. చర్చిలో ఆమె మొదటి వరస వదిలి వాకిలి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. కుదురుగా ఉండే మనిషి, సంగటి కెలుకుతూ మధ్యలో ఆగి పెరట్లో వేపచెట్టు వంక చూస్తూ ఉండిపోయేది. ఆ చెట్టు ఆ ఏడు విరగపూసింది. ఆమె దాని నీడలోకి పోయేది కాదు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. రత్నమణి గారు గడపలో నిలబడ్డారు. వెనక ముగ్గురు కొత్త డాక్టర్లు. పక్కనే మహానంది. అప్పటికి అతనికి దగ్గర్లోని వైద్యశాలలో పని, ఖాదర్‌కు కర్నూలు వైపు. ఆమె అడగడానికి నోరు తెరవకముందే నేను బడి తాళం ఇచ్చాను.

"తెర?" అన్నాడు వెనక నుంచి ఏసేపు. తర్వాత తనే తల అడ్డంగా తిప్పుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఈసారి ఊళ్ళోంచి సుంకమ్మ వచ్చింది. పెద్ద ఈరన్న కోడలు, హిందువుల పిల్ల. ఎనిమిదో నెల. మహానంది కొత్త డాక్టర్లను మంచం పక్కన నిలబెట్టాడు. "కడుపు తర్వాత," అన్నాడు. "మొదట మనిషిని చూడండి. ముఖం, కళ్ళు, చేతులు." సుంకమ్మ ముంజేతిని పట్టుకుని గాజులు తిప్పి చూపించాడు. అవి తిరిగాయి, కొంచెం బిగుతుగా. "ఇప్పుడు సీసా," అన్నాడు.

సుంకమ్మ లేచి కూర్చుంది. "అది మాత్రం నేనియ్య. ఎవురి చేతిలో పడ్తాదో, ఏం జేస్తారో."

రత్నమణి గారు నచ్చజెప్పబోయారు. ఆ పిల్ల చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటిదాకా వాకిలి పక్కన కూర్చుని ఉన్న మా అమ్మ లేచింది. బల్ల మీది సీసా తీసుకుంది. సుంకమ్మ వెనకే ఊళ్ళోకి నడిచింది.

చాలాసేపు రాలేదు. ఆ ఇంట్లో ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు.

వస్తున్నప్పుడు చూశాను. కొంగు కింద దాచలేదు. సీసాను రెండు చేతులతో ముందుకు పట్టుకుని, నడివీధిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో వస్తోంది. చర్చిలో ప్రభురాత్రి భోజనపు గిన్నె పట్టుకుని పాస్టరు గారు నడిచినట్టు, ఒక్క చుక్క తొణక్కుండా నడుస్తోంది. అరుగుల మీద జనం చూస్తున్నారు. కొన్ని అడుగుల వెనక సుంకమ్మ, ఆమె అత్త వస్తున్నారు. నాగక్క తన గడపలోంచి ఒక్క మాటే అంది. రాహేలును మరిచిపోని మాట.

"ఈతూరి ఎవురివి ఓబులమ్మా?"

మా అమ్మ ఆగింది. నాగక్క వైపు తిరిగింది.

"సుంకమ్మవి. నా కండ్ల ముందర. నువ్వూ వచ్చి సూడు."

నాగక్క తల దించుకుంది. తర్వాత చెప్పులు లేకుండానే గడప దిగి మా అమ్మ వెనక నడిచింది.

మహానంది దీపం వెలిగించాడు. కొత్త డాక్టర్లు వంగారు. మా అమ్మ తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. నీళ్ళు వేడెక్కాయి. పైనుంచి సన్నగా, పాలచుక్క పడినట్టు ఒక మబ్బు దిగింది.

గడ్డకట్టలేదు. మబ్బు మాత్రమే. అయినా రత్నమణి గారు రెండోసారి చూడలేదు. "బండి కట్టండి," అన్నారు.

నేను పరిగెత్తాను. ఎద్దులకు ఈ ఏడు మేత ఉంది, కాడి పెట్టగానే కదిలాయి. సుంకమ్మ అత్త కొడుకును పిలవడానికి చేల వైపు పరుగెత్తింది, సుంకమ్మను ఎక్కించాం. ఆమె ఏడుస్తూ ఎవరి చేతి కోసమో వెతుకుతోంది. డాక్టరమ్మ ఎక్కారు. ఇంకొక మనిషికి చోటుంది.

మా అమ్మ బడి గోడ పక్కన, పోయిన ఏడు నిలబడిన చోటే నిలబడి ఉంది. ఖాళీ సీసా ఇంకా ఆమె చేతిలో ఉంది.

పగ్గాలు పట్టుకుని కొంచెంసేపు ఆగాను.

"ఎక్కమ్మా," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. సీసా నా చేతికిచ్చి, బండి పట్టె పట్టుకుని ఎక్కింది.